తల, తోక కలవని గీత

ఇండోనేషియాలోని తెగల్ ఊళ్లో బు సుతీరా, అంటే సుతీరా అమ్మగారి, వెల్డింగు కొట్టు ఉంది. అక్కడ ఇనప బాక్సు పైపు మీద గీత గీసే హక్కు ఒక్క తర్ముదీకే. మిగతావాళ్లు కోస్తారు, అతుకుతారు. గీత గీసే సూది మాత్రం ఎప్పుడూ అతని చెవి వెనకే ఉంటుంది. ఎల్ ఆకారపు మూలమట్టం ఆనించి పైపు నాలుగు పక్కలా గీసుకుంటూ వస్తే, చివరి గీత మొదటి గీతని వెంట్రుకవాసి తేడా లేకుండా కలుసుకోవాలి. పాతికేళ్లుగా కలుస్తూనే ఉంది. ఆ గర్వంతో అతను నడిచేటప్పుడు కూడా మలుపులు మూలమట్టం పెట్టినట్టు తిరిగేవాడు.

ఆ మంగళవారం మసీదు నగారా స్టాండుకి కాళ్లు గీస్తుంటే, గీత తల ఒకచోట, తోక ఒకచోట తేలాయి. మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు. మళ్లీ గీశాడు. మళ్లీ అంతే.

"కాంగ్, ఆ సందులోంచి మేకపిల్ల దూరిపోయేలా ఉందే!" అన్నాడు దక్లాన్. కాంగ్ అంటే అక్కడ అన్నా అని. నలభై దాటినా కొట్టులో అందర్నీ ఏడిపించడమే అతని అసలు ఉద్యోగం.

"నోర్మూసుకుని నీ పని చూసుకో."

బు సుతీరా జాలిపడి తన గులాబీరంగు కళ్లజోడు ఇచ్చింది. అది పెట్టుకుంటే మూడు కాస్తా ఆరుగా కనిపించింది.

"ఏమనుకోకు కాంగ్. రేపు పొద్దున్నే మసీదువాళ్లొస్తారు. సాయంత్రానికి గీత కలవకపోతే సూది ఇంకొకళ్లకి ఇచ్చేస్తా" అందామె.

మధ్యాహ్నం అందరూ నమాజుకి వెళ్లాక, తర్ముదీ ఒక రేకు మీద మట్టం పెట్టి గీత గీశాడు. మట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకోటి గీశాడు. ఒకదానిమీద ఒకటి పడాల్సిన గీతలు మొసలి నోరులా తెరుచుకున్నాయి. కళ్లకేం రోగం లేదు, మట్టానికే నడుం వంగింది. ఎవరో కింద పడేసి నోరు మెదపలేదన్నమాట.

అతను ఆ రేకుని బల్లకింద దాచేశాడు. అందరూ వచ్చాక నీరసంగా అన్నాడు: "నా పనయిపోయింది బు. ఈ మట్టంతో ఎవరి గీత కలిస్తే సూది వాళ్లదే."

ముందు ఇంకో పనివాడు రస్బన్ గీశాడు. అదే సందు. తర్వాత దక్లాన్ వచ్చి, వీపు అడ్డం పెట్టి, నాలుక బయటపెట్టి గీశాడు. తల, తోక ముద్దు పెట్టుకున్నాయి!

"చూశారా! చేతివాటం అంటే ఇదీ!"

బు సుతీరా సూది ఇమ్మని చెయ్యి చాపింది. తర్ముదీ సూదికి బదులు ఆ రేకు తెచ్చి పెట్టాడు.

"మట్టమే వంకర బు. దాంతో గీత కలిపాడంటే, వంకరెంతో ముందే తెలుసన్నమాట. ఏదీ, ఆ గుప్పిట తెరువు నాయనా."

గుప్పిట్లోంచి మడతపెట్టిన సిగరెట్టు పెట్టె ముక్క రాలింది. మట్టం వంకర తెలీకుండా దాని కింద ఎత్తు పెట్టిన ముక్క.

"నిన్న సాయంత్రం నిచ్చెన మీంచి జారింది కాంగ్" నసిగాడు దక్లాన్. "చెబుదామనే వచ్చా. నీ మొహం చూస్తే నవ్వాగక..."

"ఇప్పుడాగిందా?"

"ఆగింది."

"అయితే సుత్తి తీసుకుని ఆ మట్టం మూల సరిచెయ్యి. నేను రెండు గీతలు గీసి చూస్తా. అవి ఒకటయ్యేదాకా నీకు టీ లేదు."

సూది మళ్లీ చెవి వెనక్కి చేరింది. దక్లాన్ సుత్తితో టకటకా కొడుతుంటే, టీతో వచ్చిన అతని వంతు తాహు, అదే వేయించిన సోయా పనీరు ముక్కల్ని రస్బన్ ఎంతో బాధపడుతూ నమిలాడు.