వినోదక్క చేట

జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట వచ్చిందంటే నరహరి సారుకు పూనకమే. ఆర్మూర్‌లో బీడీలు చేసే వాడలన్నీ ఇల్లిల్లూ తిరుగుతాడు. ఆడపిల్లను బడి మాన్పించిన తల్లి దొరికిందా, నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు.

ఆ రోజు ముత్తవ్వ వంతు వచ్చింది. కొడుకు బబ్లు కిడ్నీ జబ్బుతో నిజామాబాద్ దవాఖానలో ఉన్నాడు. ముత్తవ్వ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుంటే, బీడీ కంపెనీ ఆమె పేరున ఇచ్చిన కార్డు మీది బీడీలు కూతురు సంధ్యారాణి చేస్తోంది. ఏడో తరగతి పిల్ల.

ముత్తవ్వ ఇంటి ముందు రేకుల కింద ఆడవాళ్లు చేటలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. వాళ్లలో నరహరి అక్క వినోద కూడా ఉంది. పక్కిల్లే ఆమెది. అక్క వింటోందని తెలిసీ అతను గొంతు తగ్గించలేదు.

"సిగ్గుండాలె ముత్తవ్వా! పిలగాడు బీమారైతే పిల్ల సదువు ఆపుతవా?"

"ఏం జెయ్యాలె సారూ? బీడీలు ఇయ్యకుంటె కార్డు తీసేస్తరట."

నరహరి జేబులోంచి ఆదివారం పేపరు తీశాడు. అందులో అతని కథ పడింది. పదేళ్లప్పుడు కీళ్ల జ్వరం గుండెకు పట్టి, ఆర్నెల్లు దవాఖాన మంచం మీద చావుతో పెనుగులాడి బయటపడ్డ కథ. తెల్లవారక ముందే లేచి, తలుపేసుకుని రాశాడు. తలుపు అవతల పిల్లల్ని లేపడం, టిఫిన్లు కట్టడం అన్నీ భార్య శోభారాణి నెత్తినే పడ్డాయి.

"మా అమ్మ నన్ను ఎట్ల బతికిచ్చుకుందో ఇను" అని గట్టిగా చదివాడు. "అమ్మ నా మంచం పక్కనే కూర్చుని, ఎండిన తునికాకు కత్తిరించి, రోజుకు వెయ్యి బీడీలు చుట్టింది..."

శంకరమ్మ అనే ముసలామె ఫక్కున నవ్వింది. "ఎండినాకుకు కత్తెర పెడితె పెంకులైతది సారూ! ముందే తడిపి గోనెసంచిల సుట్టి పెట్టాలె."

అందరూ నవ్వారు, వినోద తప్ప. ఆమె చేతిలోని బీడీకి దారం బిగించింది.

"ఆయనకెట్ల తెలుస్తది శంకరమ్మా? ఆకు తడిపింది నేను గద. దవాఖానల బీడీలు చెయ్యనిస్తరా సారూ? అమ్మ నీ మంచం కాడ ఉండె. కార్డు అమ్మది, చేతులు నాయి. ఏడో తరగతిల చేట ముందట కూసున్న, ఇంకా లేవలే."

సారూ అంది. తమ్మీ అనలేదు.

నరహరి మరిచిపోయి ఉంటే వేరే సంగతి. మరవలేదు. మొదట రాసినప్పుడు అక్కకు రెండు పేజీలు ఉన్నాయి. అక్క ఉంటే చదివినవాళ్ల జాలంతా ఆమె మీదికే పోతుంది. అందుకే కొట్టేశాడు. "వదినేది?" అని శోభారాణి అడిగితే, "కథకు బిగువు కావాలె, నీకు సమజ్ కాదు" అని నోరు మూయించాడు.

"మరి పిల్లను బడికి తోలాల్నా, ఒద్దా సారూ?" ముత్తవ్వ అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది.

వినోద లేచి సంధ్యారాణి ఒళ్లోని చేట లాక్కుంది.

"తోలు ముత్తవ్వా. బబ్లు ఇంటికొచ్చేదాంక దీని బీడీలు నేను చేస్త. లేవే పిల్లా, సంచి తెచ్చుకో పో."

"అక్కా, మల్ల నువ్వే ఎందుకు..."

"నువ్వు చేస్తవా మరి? ఆకు తడప రాదు నీకు."

నరహరి పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిల్లను వెంటబెట్టుకుని బయటపడ్డాడు. రోడ్డు మీద పసుపు బస్తాల లారీ పోయేదాకా ఆగారు.

"సార్, వినోదత్త మంచిగ సదువుతుండెనా?"

"క్లాసుల ఫస్టు."

"మరి గది కతల రాయలేదేంది?"

"రాసిన. తీసేసిన."

"ఎందుకు సార్?"

క్లాసులో ఏ ప్రశ్ననూ వదలని సారు తల దించుకుని నడిచాడు. బడి గేటు వచ్చేదాకా ఆ పిల్ల జవాబు కోసం అతని ముఖమే చూస్తూ నడిచింది.