పడుగు అతికిన పొద్దు

తాడు లాగితే పేక పోగు మోసుకుని నాడె ఆ కొసకు, ఇంకోసారి లాగితే ఈ కొసకు. కుడికాలు దిగితే ఎడమకాలు లేస్తుంది. కిటికీలోకి వెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. మదనపల్లె నేతగాళ్ల సందులో అప్పటికే మగ్గాలన్నీ లేచాయి. ఒక ఇంట్లో చప్పుడు ఆగితే పక్కింట్లో అందుకుంటుంది, ఎవరో ఒకే మాటను ఇల్లిల్లూ తిరిగి చెప్పి వస్తున్నట్టు. సుశీలమ్మ మగ్గం గుంటలో కాళ్లు దించుకుని చీర చివరి జానెడు నేస్తూ ఉంది.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. కళ్లద్దాల కాడ ఒకటి విరిగితే పట్టుపోగులు పేని చెవికి కట్టుకుంది. తాడు లాగీ లాగీ కుడి అరచేతిలో చింతగింజంత కాయ కాసింది. ముఖమూ చేతులూ ఎండకు కమిలాయి గానీ పాదాలు మాత్రం పసిపిల్ల పాదాల్లా మెత్తగా, తెల్లగా ఉంటాయి. ముప్పై ఏళ్లుగా పగలంతా గుంటలోనే గడిపిన పాదాలు, వాటికి ఎండ సంగతి తెలియదు. గుంట అడుగున మట్టి ఎప్పుడూ చల్లగా ఉంటుంది. నేస్తూ నేస్తూ ఉంటే మోకాళ్ల కింద ఏదో ఏరు పారుతున్నట్టు, తాను గట్టు మీద కూర్చుని కాళ్లు తడుపుకుంటున్నట్టు ఉంటుంది ఆమెకు. ఆ ఏరు ఏ ఊళ్ల మీదుగా పోతుందో ఆమె ఎన్నడూ వంగి చూడలేదు.

నెత్తి మీద బల్బు ఒక ఇనుప కొక్కేనికి వేలాడుతోంది. పెళ్లయిన కొత్తలో ఉయ్యాల కోసమని మొగుడు మునిరాజు దూలానికి కొట్టిన కొక్కెం. ఉయ్యాల రాలేదు. ఏడెనిమిదేళ్లు చూసి బల్బు తగిలించారు.

నాడె ఆగింది. పడుగు అయిపోయింది. చీర కోసి, మడిచి, గూట్లో పెట్టింది. పాత పడుగు కొసలు మగ్గం మీద తెల్లటి జడలా మిగిలాయి. ఇక కొత్త పడుగు తెచ్చి, పోగుకు పోగు అతకాలి. నాలుగు వేల పైచిలుకు పోగులు. ముడి వేయకూడదు. రెండు కొసలూ కలిపి, బూడిద అద్దుకున్న వేళ్లతో పేనాలి. ఒకరు అందిస్తే ఒకరు పేనాలి. కొబ్బరిచిప్పలో బూడిద జల్లించి పెట్టుకుని పక్కింటి సరోజమ్మ కోసం చూస్తూ కూర్చుంది.

ఆ పూట పన్నెండు గంటలకు రిజిస్ట్రారాఫీసు. మునిరాజు వచ్చి సంతకం పెడితే ఈ ఇల్లు ఆమె పేరు మీదికి వస్తుంది. రాకపోతే అమ్ముడుపోతుంది. పొద్దుటి నుంచీ ఆ మాట నాడెతోపాటు ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూనే ఉంది.

మునిరాజు ఆరేళ్ల కిందట మగ్గం దిగి, కుప్పంలో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనికి పోయాడు. మొదట్లో వారానికొకసారి వచ్చేవాడు, తర్వాత పండగకు వచ్చేవాడు, ఆ తర్వాత ఫోను మాత్రం వచ్చేది. అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని తెలిసేసరికి ఆమెకు అది పాత సంగతిలాగే తోచింది. పోయినేడు వచ్చి, విడిపోదామన్నాడు. వీధి పెద్దలు అరుగు మీద కూర్చుని టీ చల్లారేలోపల తేల్చేశారు. పట్టా మగవాడి పేరున ఉంది కాబట్టి ఇల్లు వాడికి, మగ్గం ఆమెకు. సుశీలమ్మ తలూపింది. మగ్గం దక్కింది, చాలనుకుంది.

ఆ తర్వాతే పోగులు తెగడం మొదలైంది. మూరెడు నేసేలోపల పదిసార్లు తెగేవి. పట్టు మంచిది కాదని మూడుసార్లు మార్పించింది, పట్టు ఇచ్చే షావుకారుతో నడివీధిలో పోట్లాడింది. అదే పట్టు సరోజమ్మ మగ్గం మీద నీళ్లలా సాగిపోయింది.

"పట్టులో ఏమీ లేదమ్మా. నీ సేతిలో ఉండాది," అంది సరోజమ్మ. "మా కోడలి యవ్వారం సూసిన లాయరమ్మ ఉండాది. పా, పోదాం."

లాయరు సుమయ్యా పుంగనూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. అంతా విని, ముక్కు మీదికి జారిన అద్దాల పైనుంచి చూసింది.

"ఇల్లు ఆయనకు, మగ్గం నీకు. బాగానే ఉండాది. మగ్గమంటే ఎత్తుకుపోతావు. గుంటెట్ల ఎత్తుకుపోతావమ్మా?"

ముప్పై ఏళ్లు కూర్చున్న చోటు, అది ఒక ఆస్తి అని సుశీలమ్మకు తట్టనే లేదు.

సుమయ్యా కాగితాలన్నీ చూసి దారి చెప్పింది. బైరెడ్డిపల్లెలో మునిరాజుకు వచ్చిన రెండెకరాల మెట్టలో ఆమె ఏమీ అడగదు, ఆమె నేతతో లేచిన ఈ ఇంట్లో అతను ఏమీ అడగడు. "కాగితం సంగతి నేను సూసుకుంటా. కానీ ఆయన ముందర నువ్వు నోరు తెరవాల. వెనక రూములో కీర్తి ఉండాది, పోయి కూర్చో. మనసుకు బాగలేనోళ్లతో మాట్లాడే సదువు సదివింది."

"నాకేమన్నా పిచ్చా అమ్మా?"

"అరె, కాలు బెణికితే కట్టు కట్టించుకోవా? పో."

ఆ వెనక రూము ఒకప్పటి వంటిల్లు. గోడల్లో ఇంకా తాలింపు వాసన ఉంది. కీర్తి మొగుడి గురించి అడగలేదు, ఏడవమనలేదు, ఏడవొద్దనీ అనలేదు. "పోగు ఎప్పుడెప్పుడు తెగుతుంది అమ్మా?" అని అడిగింది. "సందులో బండి ఆగినప్పుడు," అంది సుశీలమ్మ. అని, తన మాట తనకే వినబడినట్టు ఉలిక్కిపడింది.

ఎనిమిది శుక్రవారాలు పోయింది. చివరికి వాళ్లిద్దరూ కలిసి నేర్చుకున్నది ఒకే ఒక్క మాట. ఇల్లు నాకు కావాల. మొదట్లో ఆ మాట వెనక "నీకేమన్నా ఇబ్బంది లేకుంటే" అని తగులుకునేది. "ఆ తోక కత్తిరించెయ్యండమ్మా," అని కీర్తి నవ్వేది. ఈలోగా సుమయ్యా కాగితం పంపి, ఫోనులో మునిరాజు చేత సరేననిపించి, రిజిస్ట్రేషనుకు రోజు పెట్టించింది.

ఇప్పుడు సందులో బండి ఆగింది.

సరోజమ్మ రాదని కబురు అప్పుడే వచ్చి పోయింది. ఆటో దిగి మునిరాజు వచ్చాడు. తెల్లారక ముందే కుప్పంలో బస్సెక్కినట్టున్నాడు, చొక్కా నలిగి ఉంది. గడప బయట చెప్పులు విడిచి, చుట్టాల ఇంటికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"సరోజమ్మ రాలేదా?"

"మనవరాలికి జరమంట. ఇప్పుడే పిల్ల తండ్రి వచ్చి సెప్పి పోయినాడు."

"అప్పుడే అయిపోయిందా పడుగు?"

"ఏమప్పా, నువ్వు లేకుంటే పడుగు అయిపోదా?"

మునిరాజు నవ్వాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి, ఎవరూ పిలవకుండానే పడుగుకు ఆవలి పక్క కూర్చున్నాడు. పెళ్లయినప్పటి నుంచీ అతను కూర్చునే చోటు అదే. కొబ్బరిచిప్పలో రెండు వేళ్లు ముంచి, మొదటి పోగు పేనబోయాడు. పట్టు అతని వేళ్ల పగుళ్లలో చిక్కుకుంది. విడిపించుకుని, మళ్లీ బూడిద అద్దుకుని రెండోది పట్టాడు. అదీ చిక్కుకుంది. మూడోసారి ముంచి పట్టింది తెగింది.

"సేతులు బండలైపోయినాయి," అన్నాడు వేళ్లు వెలుగులోకి తిప్పి చూసుకుంటూ.

"బండల్తో గదా కాపురం. నువ్వు అందియ్యి, నేను పేనతా."

అతను అందిస్తున్నాడు, ఆమె పేనుతోంది. పాత పోగు, కొత్త పోగు, బూడిద, బొటనవేలి విసురు. పాత పోగు, కొత్త పోగు. కిటికీలోంచి ఎండ పడుగు మీదికి పాకేసరికి పోగులు పోగుల్లా కాకుండా నీటి మీది వెలుగులా కదులుతున్నాయి. ఆమె పాదాల కింద ఏరు పారుతోంది. ఇది ఏ ఏడో, ఏ పడుగో కాసేపు తెలియలేదు. తన పద్దెనిమిదేళ్లప్పటి పొద్దు కావచ్చు, ఆవలి పక్క ఉన్నవాడు ఇప్పుడు ఏదో పాట కూనిరాగం తీయవచ్చు. వేళ్లకు వేళ్లు తగులుతున్నాయి, తగిలినట్టు ఇద్దరికీ తెలుస్తోంది, ఎవరూ వెనక్కి తీసుకోవడం లేదు.

"సుశీలా," అన్నాడు మునిరాజు తలెత్తకుండా. "ఇంటికి బేరమొకటి వచ్చింది. మంచి బేరం. మగ్గం సరోజమ్మోళ్ల వసారాలో ఏసుకో, ఆమె కాదనదు. సంతకానికి యాల తొందర? ఇంకో రెండు నెలలు సూద్దాం."

ఏరు ఆగిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రెండు కొసలు సగం పేనినవి అలాగే ఉన్నాయి. బయట సందులో ఎవరిదో బండి ఆగింది. సుశీలమ్మ వేళ్ల వైపే చూసుకుంది.

"ఇల్లు నాకు కావాల."

తోక గొంతు దాకా వచ్చింది. మింగేసింది. పేనడం పూర్తి చేసి, మెల్లగా లాగి చూసింది. పోగు తెగలేదు.

మునిరాజు తలెత్తి ఆమెను కాదు, గుంటను చూశాడు.

"ఈ గుంట నేనే తవ్వినా. గడ్డపారతో రెండు దినాలు. అడుగున బండ తగిల్తే అరిసేతులు బొబ్బలెక్కినాయి."

"తవ్వింది నువ్వే. కూసున్నింది నేను."

ఎదురింటి మగ్గం ఒక్కటే ఆడుతోంది. మునిరాజు తన రెండు చేతులూ మళ్లీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో చూసినట్టు. తర్వాత పక్క పోగు తీసి అందించాడు.

"పన్నెండుకు గదా?"

"పన్నెండుకు."

పదకొండున్నరకు ఇంకా పిడికెడు పోగులు మిగిలే ఉన్నాయి. అట్లాగే వదిలి లేచారు.

రిజిస్ట్రారాఫీసులో సుమయ్యా ముందే వచ్చి కూర్చుంది. మునిరాజు సంతకాలన్నీ పెట్టాడు గానీ మిషను అతని వేలిముద్ర పట్టలేదు. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. "ఏమప్పా, వేలిగీతలు యాడ పారేసుకున్నావు?" అన్నాడు గుమాస్తా. వరసలో నిలబడినవాళ్లు నవ్వారు. బండలు అరగదీసిన వేలు అది, దాని మీద పొద్దుటి బూడిద. సుశీలమ్మ కొంగు కొస నీళ్లలో తడిపి, ఆ బొటనవేలు పట్టుకుని, గోటి అంచు నుంచి మొదటి గణుపు దాకా తుడిచింది. తొందర పడలేదు. తుడిచి, తానే మిషను మీద పెట్టి అదిమింది. పచ్చలైటు వెలిగింది.

అక్కడి నుంచి సుమయ్యా ఆఫీసుకు పోయి విడాకుల కాగితం మీద ఒకరి తర్వాత ఒకరు సంతకం పెట్టారు. ఆరు నెలలకు జడ్జి ఒకమాట అడుగుతాడని, ఇద్దరూ వచ్చి సరేననాలని సుమయ్యా చెప్పింది. వెనక రూము వాకిట్లో కీర్తి నిలబడి ఉంది. సుశీలమ్మ ఆమె వైపు చూసి, రెండు వేళ్లతో గాలిలో కత్తిరించినట్టు చూపించింది. కీర్తి నవ్వింది.

బస్టాండులో కుప్పం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మునిరాజు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. ఏనాడు గడప దాటినా పోయొస్తా అనే మనిషి. నోరు తెరిచి, ఆగాడు.

"పోతాండా," అన్నాడు.

"సరే. మిగిల్న పోగులు నేను పేనుకుంటా."

బస్సు పోయింది. టమోటా లారీలు లేపిన దుమ్ము కాసేపు ఆమె ముఖం మీద, కాసేపు ఎండలో నిలబడింది.

ఇంటికి వచ్చి సుశీలమ్మ మిగిలిన పిడికెడు పోగులూ ఒక్కతే అందుకుని, ఒక్కతే పేనింది. తర్వాత గుంటలోకి కాళ్లు దించింది. చల్లటి మట్టి పాదాలకు తగిలింది, ఏరు మళ్లీ మెల్లగా పారింది. మొదటి తాడు లాగింది. నాడె ఆ కొసకు పోయి ఈ కొసకు వచ్చింది. ఎక్కడా ఏమీ తెగలేదు.

అతను కూర్చున్న చోటికీ ఆమెకూ నడుమ కొబ్బరిచిప్ప అట్లాగే ఉంది. అందులో బూడిద మీద ఈ అంచున ఆమె వేళ్లు వందసార్లు ముంచి చెరిపేసిన గుర్తు, ఆ అంచున మూడే మూడు సార్లు ముంచిన రెండు మొరటు వేళ్ల గుంటలు, ఇప్పుడే తీసినంత లోతుగా.