ఆకుపచ్చ తెర వెనక

మా బడి హాల్లో ఎన్నికల రోజున ఒక మూలకి ఆకుపచ్చ తెర కట్టేవారు. దాని వెనక ఒక బల్ల, పెన్సిలు. ముప్పై ఏళ్లుగా అటు తొంగి చూసినవాడు లేడు. కాగితం తీసుకోవడం, మడవడం, పెట్టెలో వేయడం, అంతే. తెర వెనక్కి వెళ్తే దేశాన్నేలే కమ్యూనిస్టు పార్టీ అంటే నమ్మకం లేనట్టే. ఆ మాట ఊరందరికీ నూరిపోసింది మా నాన్న వాలెంటీ, మా ఊరి పార్టీ కార్యదర్శి.

ఎనభైతొమ్మిది జూన్‌లో మొదటిసారి జనాన్ని నిజంగా ఎంచుకోమన్నారు. పార్టీకి కేటాయించిన సీటుకి మూడు పేర్లు, మధ్యలో నాన్నది. అక్కర్లేని పేర్లు కొట్టేసి ఒక్కటి వదలాలి. మూడూ కొట్టేయొచ్చు. ఒకటికి మించి మిగిలితే మాత్రం ఓటు చెల్లదు.

దర్జీ పని చేసే మా అమ్మ లెయోకాడియా వారమంతా ఆయన్ని వదల్లేదు.

"నీ పేరు మీద రెండు గీతలు గీస్తా చూడు. ఒకటి మాంసం కోసం నన్ను నిలబెట్టిన క్యూలకి, రెండోది మా అన్నయ్య జైలుకి."

"నేనేం పెట్టించలేదే!"

"విడిపించనూ లేదుగా!"

నాన్న నవ్వేసేవాడు గానీ ముద్ద దిగేది కాదు. ఊరు కాదన్నా సరే, అమ్మ కాదంటే తట్టుకోలేడు.

ఆదివారం ఓట్ల పెట్టె పక్కన నా డ్యూటీ. కిటికీలోంచి తెల్ల తుమ్మపూల వాసన వస్తోంది. వరసంతా తెర ముందే. లోపలికి వెళ్లినవాళ్లు చెరువులో మునిగి లేచినట్టు బయటికి వస్తున్నారు. పొద్దున్నే నేనూ వెళ్లొచ్చాను. నాన్న పేరు కొట్టేశాను. కొట్టేశాక సిగ్గేసింది.

కాసేపటికి నాన్న కొత్త కోటు వేసుకుని వచ్చాడు. కాగితం తీసుకున్నాడు, మడిచాడు, తెర వంకైనా చూడకుండా పెట్టెలో వేశాడు. ముప్పై ఏళ్ల అలవాటు. డ్యూటీలో నోరు మెదపకూడదు. మెదిపి ఏమనగలను?

తర్వాత అమ్మ వెళ్లింది. చాలాసేపు రాలేదు. ఆమె మోచెయ్యి తగిలి తెర మెల్లగా కదులుతోంది.

లెక్కింపులో ఏ గీతా లేని కాగితం ఒకటి వచ్చింది. చెల్లదని పక్కన పెట్టాం. మరొక దాని మీద మొదటి పేరు, మూడో పేరు చిన్న చిన్న గీతలతో కొట్టేసి ఉన్నాయి. అచ్చం పరుగు కుట్టు, చివర ముడితో సహా. ఆ కుట్టు నా గౌన్లన్నిటి మీదా ఉంది.

సోమవారం బడి తలుపుకి ఫలితాలు అంటించారు. వాలెంటీ, ఒక ఓటు.

మధ్యాహ్నం చుక్కకూర సూప్ ముందు కూర్చున్నాం.

"ఒక్కటంటే ఒక్కటి!" అన్నాడు నాన్న చెంచా ఊపుతూ. "నా ఓటే నాకు పడింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఎందుకూ?"

"అవును, నీదేలే," అంది అమ్మ.

నేను నోరు తెరవబోయాను. బల్ల కింద అమ్మ నా కాలు తొక్కింది.

గాలికి కిటికీ తెర ఉబ్బింది. నాన్న దానికేసి చూస్తూ ఉండిపోయాడు.

"బోగ్నా, నిన్న నేను తెర వెనక్కి వెళ్లానా?"

నేను తల దించుకున్నాను.

"వెళ్లలేదు కదూ." ఆయన గొంతు తగ్గిపోయింది. "మరి ఆ ఒక్కటి ఎవరిది?"

అమ్మ తన సూప్‌లోని గుడ్డు ముక్క తీసి ఆయన పళ్లెంలో వేసింది.

"చల్లారిపోతోంది, తిను."