కండక్టరమ్మ సంచి

సెలవు రోజు పొద్దున టీ తాగడం అవగానే కండక్టరమ్మ మేకుకి వేలాడుతున్న సంచి తీసి, రెండుసార్లు దులిపి, భుజాన వేసుకుంది. ఉద్యోగంలోంచి దిగిపోయి చాలా కాలమైనా, భుజాన ఏదో ఒకటి వేలాడకపోతే ఆవిడకి ఇప్పటికీ నడక కుదరదు. "పదమ్మాయ్, ఎండెక్కకముందే వెళ్లొద్దాం" అని కోడలిని కేకేసింది. ఆ కేకకి పక్కింటివాళ్లు కూడా లేచి చెప్పులేసుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. జీవితమంతా బస్సు ఇంజను చప్పుడు మీద మాట్లాడిన గొంతు మరి.

కోడలికి నెలలు నిండుతున్నాయి. కళ్లద్దాల దుకాణంలో అద్దాలని ఫ్రేముకి తగ్గట్టు అరగదీసే పని ఆమెది. పొట్ట బల్లకి అడ్డమొచ్చి, మిషను దాకా చేతులు అందక, మొన్ననే సెలవు పెట్టింది. నెమ్మదిగా గోడ పట్టుకుని వచ్చి అత్తగారి వెనకాల నడిచింది.

సంచి గురించి రెండు మాటలు చెప్పాలి. అది కండక్టరమ్మకి వాళ్ల అత్తగారి నుంచి వచ్చింది. మందపాటి గుడ్డ. వెలిసి వెలిసి, మొదట్లో ఏ రంగో చెప్పడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. అందులో వేసిన వస్తువు ఆ ఇంట్లో వాడకంలోకి వచ్చేదైతే బుద్ధిగా ఉంటుంది. రానిదైతే మెల్లగా పైకి లేచి, అంచు దాటి, కింద పడుతుంది. బజారులో అందరికీ ఈ సంగతి తెలుసు కనుక, ఆవిడ వస్తే ముందు సంచిలో వేసి చూసుకోనిచ్చి, నిలిచినవాటికే బిల్లు కొట్టేవారు. కొనుక్కెళ్లింది వెనక్కి తెచ్చి వాదన పెట్టుకునే బేరం కాదు కాబట్టి వాళ్లకీ అదే హాయి.

ఆవిడ కొడుకు ఎలక్ట్రీషియను. ఒకసారి వాడికి కండలు పెంచాలని బుద్ధి పుట్టి, చేతులతో లాగే స్ప్రింగులు కొన్నాడు. సంచి వాటిని సరిగ్గా వాడి బొటనవేలి మీద పడేసింది. అయినా పట్టుదలకి పోయి చేత్తో మోసుకొచ్చాడు. అవి ఇప్పుడు ఇంట్లోనే ఎక్కడో ఉన్నాయి, ఎక్కడో వాడికే తెలియదు.

ఒక్కసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. కండక్టరమ్మ భర్తకని ఉన్ని స్వెటరు తీస్తే సంచి ఉంచుకోలేదు. సైజు మార్చి వేసింది, రంగు మార్చి వేసింది, ఊహూఁ. చలి మొదలవకముందే ఆయన గుండె ఆగి పోయాడు. ఈ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు గానీ కోడలికి తెలుసు. పెళ్లయిన కొత్తలో మొగుడే చెప్పాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కోడలి తల్లి ఆమెని కన్న రోజే పోయింది. బాలింతగా వేసుకుంటుందని ఆవిడ కోసం కుట్టించిన మెత్తటి గౌను మడత విప్పకుండానే బీరువా అడుగున ఉండిపోయింది. చిన్నప్పుడు ఈ పిల్ల ఆ గౌనులో ముఖం పెట్టి వాసన చూసేది. అమ్మ వాసన ఉండేది కాదు, కొత్త గుడ్డ వాసనే ఉండేది. అలాంటి పిల్లకి తన కోసమని ఒక్క వస్తువైనా ఈ ఇంటి సంచిలో వేసే ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? వేస్తే, అది బయటికొచ్చి పడితే?

అందుకని ఎప్పుడు బజారుకెళ్లినా బిడ్డకే కొంటూ వచ్చింది. "నాకేం కావాలి అత్తయ్యా, ఉన్నవి చాలవూ" అని దాటేసేది. తండ్రి కాబోతున్న సంబరంలో మొగుడికి కాళ్లు నేల మీద ఆనడం లేదు, వాడేం గమనిస్తాడు. కండక్టరమ్మ గమనించింది. టిక్కెట్టు తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాళ్ల మొహాలు ఆవిడకి కొట్టినపిండి. కోడలి మొహం కొన్నాళ్లుగా అచ్చం అలాగే ఉంది.

తల్లీబిడ్డల సామాన్ల దుకాణంలో ఆ వేళ పెద్దగా జనం లేరు. మెత్తటి లంగోటీలు, రబ్బరు షీటు, టోపీ ఉన్న తువ్వాలు, బుజ్జి గోళ్లు కత్తిరించే కత్తెర అన్నీ సంచిలోకి వెళ్లి ఊరుకున్నాయి. బుజ్జి బూట్ల జత మాత్రం ఒకదాని వెనక ఒకటి అంచెక్కి దూకేసింది. నేల మీద కాలు పెట్టే నాటికి అవి పట్టవని సంచికి తెలిసినట్టుంది. కోడలు నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇదే సమయమనుకుని కండక్టరమ్మ దుకాణం అమ్మాయి వైపు తిరిగింది.

"బాలింతకి కావలసినవి కూడా తియ్యమ్మా."

కోడలి నవ్వు అక్కడే ఆగిపోయింది. "ఇవాళొద్దత్తయ్యా. కాళ్లు లాగుతున్నాయి, ఇంటికెళ్లిపోదాం."

"నిన్ను నిలబడమన్నదెవరు? అదిగో స్టూలు, కూర్చో."

"తర్వాత చూద్దాం."

"తర్వాతంటే ఎప్పుడు? నొప్పులొచ్చాక ఆటోలో కూర్చుని చూద్దామా?"

దుకాణం అమ్మాయి హుషారైంది. కాన్పయినవాళ్లందరూ పట్టుకెళ్లేవేనంటూ మూడు తెచ్చి బల్ల మీద పెట్టింది. నడుముకి గట్టి ఎలాస్టిక్ ఉన్న పైజామా, చొక్కా జత ఒకటి. మామూలు లోదుస్తుల పెట్టె ఒకటి. మధ్యలో ఖాళీ ఉన్న గుండ్రటి దిండు ఒకటి. "కింద కుట్లు పడతాయి కదక్కా, దీని మీద కూర్చుంటే నొప్పి తెలీదు" అంది.

కోడలు వద్దు వద్దంటుండగానే కండక్టరమ్మ పైజామాని సంచిలో వేసింది. అది ఒక్క క్షణం ఉండి, పైకి లేచి, జారి పడింది. లోదుస్తుల పెట్టె వేసింది. అదీ పడింది. దిండు వేసింది. అది అంచు మీద కాస్త తటపటాయించి, దొర్లుకుంటూ వెళ్లి కోడలి పాదాల దగ్గర ఆగింది.

దుకాణం అమ్మాయి తల వంచుకుని మూడూ తీసి మళ్లీ మడత పెట్టసాగింది. సంచి ఎవరి ఇంటిదో, ఏం చేస్తుందో ఆ పిల్లకీ తెలుసు. వాటి బదులు ఏం చూపించాలో మాత్రం తెలియలేదు.

కోడలు ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని అంది, "నేననుకున్నదే అత్తయ్యా. బిడ్డవన్నీ ఉంచుకుంది కదా, అది చాలు. పాపో బాబో, మీరు బాగా చూసుకుంటారని నాకు తెలుసు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటే…"

"నోర్ముయ్" అంది కండక్టరమ్మ. దుకాణంలో మిగతావాళ్లు కూడా మూసుకున్నారు.

ఆవిడ కోడలి పక్కనే నేల మీద చతికిలబడింది. పైకి చెప్పలేదు గానీ స్వెటరు పడ్డ రోజు కళ్లకి కట్టింది. ఆ రోజు ఏం చేసింది తను? ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. మొగుడు ఏమైందే అంటే తలనొప్పని చెప్పింది. అంతే. ఆ తర్వాత సంచిని ఒక్క మాట అడగలేదు. స్వెటరు వద్దంటే మరేం కావాలి, మందులా, పరుపా, పెద్ద డాక్టరు రాసిచ్చే మాత్రలా, ఒక్కటీ వేసి చూడలేదు. సంచి మనిషి గురించి చెప్పిందనుకుంది. దానికి మనుషుల సంగతి ఏం తెలుసు? అది చెప్పేది వస్తువుల సంగతే.

ఆవిడ ఒక్కసారిగా లేచింది. "అమ్మాయ్, ఈ మూడూ కాకపోతే ఇంకేమున్నాయి నీ దగ్గర?"

"ఇంకా అంటే… చాలా ఉన్నాయండీ."

"అన్నీ తియ్యి."

"అత్తయ్యా, వద్దు" అంది కోడలు. "ఒక్కొక్కటీ పడుతుంటే నేను చూడలేను."

"చూడకు. కళ్లు మూసుకో. నేను చూస్తాను."

అరలు ఖాళీ అవడం మొదలైంది. కాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి పీట వేస్తే పడింది. నడుముకి నాడా ఉన్న పరికిణీ పడింది. కోడలు కళ్లు మూసుకునే ఉంది గానీ చెవులు మూసుకోలేదు. పడ్డ ప్రతిదాని చప్పుడుకీ ఆమె భుజాలు బిగుసుకుంటున్నాయి. కండక్టరమ్మ నుదుటి మీద చెమట పట్టింది. దుకాణం యజమాని లోపల్నుంచి వచ్చి, విషయం కనుక్కుని, తనూ నిచ్చెనెక్కి పై అరలోంచి పెట్టెలు దించసాగాడు.

ఒక పెట్టె పడలేదు.

అందరూ కాసేపు సంచినే చూశారు. కండక్టరమ్మ దాన్ని కొంచెం ఊపి కూడా చూసింది. పెట్టె లోపలే ఉంది. ఆ తర్వాత భుజాల దగ్గర్నుంచి వదులుగా, నడుము దగ్గర ఏ బిగింపూ లేకుండా ఉన్న గౌను వేస్తే అదీ ఉంది. మంచం మీంచి లేవడానికి పట్టుకునే పట్టీ వేస్తే అదీ ఉంది.

"ఏంటమ్మా ఆ పెట్టెలో?" అడిగింది కండక్టరమ్మ.

"లోదుస్తులేనండీ. కానీ బొడ్డు పైదాకా వస్తాయి. కుట్లకి ఒరుసుకోకుండా." దుకాణం అమ్మాయి గొంతు మారింది. "ఇవి పొట్ట కోసి బిడ్డని తీసినవాళ్లకండీ. ఆ పట్టీ కూడా వాళ్లకే."

కోడలు కళ్లు తెరిచింది. "నాకు ఆపరేషన్ అక్కర్లేదన్నారు కదా డాక్టరుగారు. అంతా బాగుందన్నారు. మన వీధి చివరి ఆసుపత్రిలోనే అయిపోతుందన్నారు."

"వీధి చివర కోసేవాళ్లు లేరు" అంది కండక్టరమ్మ. అప్పటికే బిల్లు కట్టేసి, సంచి భుజాన వేసుకుని, కోడలి చెయ్యి పట్టుకుని లేవదీసింది.

వీధి చివరి ఆసుపత్రి రెండు గదులది. అక్కడి డాక్టరమ్మ చేతి మీదుగా ఆ చుట్టుపక్కల సగం మంది పుట్టారు. ఆవిడకి మంచి చెయ్యి ఉంది గానీ, మంచి స్కానింగు మిషను లేదు, మత్తు ఇచ్చే మనిషీ లేడు. కండక్టరమ్మ సంచిలోని పెట్టె, గౌను, పట్టీ తీసి బల్ల మీద పెట్టి, ఏవేవి బయట పడ్డాయో చెప్పింది. డాక్టరమ్మ పెట్టె మీది బొమ్మని కాసేపు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"దిండు ఉంచుకోలేదా?"

"ఉంచుకోలేదు."

"అయితే పెద్దాసుపత్రికి రాసిస్తాను. ఇవాళే వెళ్లండి."

వంతెన అవతలి పెద్దాసుపత్రిలో స్కానింగు తీసినాయన తెర వైపు చూస్తూనే పెద్ద డాక్టర్లని పిలిపించాడు. గర్భంలో పైన ఉండాల్సిన మాయ కిందికి దిగి, బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా పరుచుకుని ఉంది. నొప్పులు మొదలయ్యేదాకా ఆగితే తల్లికి రక్తం ఆగదని, అలా పోతుంటే వంతెన దాటి ఇక్కడికి తెచ్చేలోపు చేసేదేమీ ఉండదని డాక్టర్లు చెప్పారు. ఇంటికి పంపలేదు. ఆమె రక్తానికి సరిపోయేది ముందే తెచ్చి పెట్టించారు.

ఆపరేషను రోజు కోడలి మొగుడు కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాడు. లైట్లు బాగుచేసే మనిషి కదా, గది మీద వెలిగిన ఎర్ర దీపాన్నే చూస్తూ నిలబడ్డాడు. "అమ్మా, సంచి అన్నీ ఉంచుకుంది కదా. ఇంక భయం లేదు కదా" అని అడిగాడు.

కండక్టరమ్మ తల ఊపింది. వాడికి అబద్ధం చెప్పడం ఇష్టం లేక నోటితో అనలేదు. వస్తువు వాడకంలోకి వస్తుందనే సంచి చెబుతుంది, ఎన్నాళ్లు వాడతారో చెప్పదు. ఒక్క పూట తొడుక్కున్నా గౌను గౌనే. ఈ సంగతి దుకాణంలోనే ఆవిడకి తట్టింది. అప్పట్నుంచి ఎవరితోనూ అనకుండా కడుపులోనే పెట్టుకుంది. కోడలిని లోపలికి తీసుకెళ్తున్నప్పుడు ఆ పిల్ల తన చెయ్యి వదలకపోతే, "ఏంటే చిన్నపిల్లలా" అని కసురుకుంది కూడా. ఇప్పుడు ఆ చేతినే రెండో చేత్తో పట్టుకుని బల్ల మీద కూర్చుంది. తనకి కూతుళ్లు లేరు. ఈ పిల్ల ఇంట్లోకి వచ్చాక కూతురు లేదన్న సంగతే మర్చిపోయింది. అది ఆ పిల్లతో ఎప్పుడూ చెప్పలేదు.

ఒక నర్సు పరుగున వచ్చి రక్తం ప్యాకెట్టు పట్టుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి ఇంకొకటి వెళ్లింది. మొగుడు నేల మీద కూర్చుండిపోయాడు.

చివరికి తలుపు తెరుచుకుంది. తువ్వాలులో చుట్టిన బిడ్డని ఎత్తుకుని నర్సు బయటికొచ్చింది. బిడ్డ గట్టిగా ఏడుస్తోంది. బెంచీల మీద కూర్చున్న వేరేవాళ్లు కూడా లేచి చూడ్డానికి మూగారు. మొగుడు లేవబోయి తడబడ్డాడు.

"ఇదిగోనండీ నాయనమ్మగారూ, మీ మనవరాలు. పట్టుకోండి" అంది నర్సు.

కండక్టరమ్మ లేచి నిలబడింది. చేతులు చాచలేదు. బిడ్డ వైపు చూడలేదు. నర్సు భుజం మీదుగా తలుపు వైపే చూస్తోంది.

"మా అమ్మాయి ఎలా ఉంది?"

"ముందు పాపని చూడండి, ఎంత ముద్దుగా ఉందో…"

"పాప సంగతి తర్వాతమ్మా. మా అమ్మాయి ఎలా ఉందో చెప్పు."

నర్సు ఆవిడ మొహం చూసి నవ్వు ఆపుకుంది. "బాగుందండీ. రక్తం ఆగింది. కుట్లు వేస్తున్నారు. మెలకువగానే ఉంది, ఆకలేస్తోంది ఏమైనా పెట్టమని డాక్టర్ల ప్రాణం తీస్తోంది."

కండక్టరమ్మ మళ్లీ బల్ల మీద కూలబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అప్పుడు మనవరాలి కోసం చేతులు చాచింది.