మూడో వరస దగ్గర అడుగులు

ఆ కుట్టు కార్ఖానాలో పొద్దున్నే మొదటి పని నేల తుడవడం. తడిగుడ్డ పెట్టగానే అడుగులు తేలేవి. తవ్వకాల ఆఫీసువాళ్ళు వచ్చి, అవి ఊళ్ళే పుట్టని కాలం నాటి మనుషులవని చెప్పి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. యజమాని సిమెంటు పోయించాడు, ఆపైన పలకలు పరిపించాడు. అడుగులు పలకల మీదికీ వచ్చాయి. ఇక చేసేదేముంది, ఆడవాళ్ళే మిషన్లు కాస్త పక్కకి జరుపుకున్నారు. నేల ఆరితే అవీ పోయేవి.

ఒక పెద్ద పాదం, పక్కన బుడిబుడి పాదం. మూడో వరస దగ్గర చిన్న అడుగులు ఆగిపోయేవి, అక్కణ్ణించి పెద్దవి లోతుగా పడి వెనక గోడలోకి వెళ్ళిపోయేవి.

"ఇదిగో, ఇక్కడ మారాం చేశాడు భడవ, వాళ్ళమ్మ ఎత్తుకుంది," అనేది జేబక్క రోజూ.

జేబులు కుట్టేది గనక జేబక్క. కాలర్లు కుట్టేది కాలరమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఫోన్లతో పాటు గేటు దగ్గరే ఇచ్చేసి రావాలి కాబోలు. అందరూ లోపలికి రాగానే సూపర్‌వైజరు బయట తాళం వేసేవాడు. సరుకు పూర్తయితేనే తీసేవాడు.

ఆ రోజు కాలరమ్మ కొడుక్కి ఒళ్ళు కాలిపోతోంది. పక్కింటి పిన్ని మధ్యాహ్నం దాకా చూస్తానంది. తర్వాత ఆవిడ బయట గడియపెట్టి డ్యూటీకి పోవాల్సిందే. మధ్యాహ్నం వదులుతానన్న సూపర్‌వైజరు, తీరా వేళయ్యాక తలుపుకున్న చిన్న కిటికీలోంచి మాట మార్చాడు.

"సాయంత్రం లారీ వస్తోంది. నువ్వు పోతే కాలర్లెవరు కుడతారు, నేనా?"

"పిల్లాడొక్కడే ఉంటాడు సార్. మీ కాళ్ళు పట్టుకుంటా, తలుపు తియ్యండి."

"ఏడ్చి ఏడ్చి వాడే పడుకుంటాడులే."

కిటికీ మూసుకుంది. కాలరమ్మకి ఏడుపు రాలేదు, కడుపు మండిపోయింది. మళ్ళీ కూర్చుని ఒక కాలరు కుట్టింది, చేతులకి అదే అలవాటు. వంకరగా వచ్చింది. అప్పుడు లేచి, తాగే నీళ్ళ సీసా మూడో వరస దగ్గర నేలమీద వంచేసింది. అడుగులు తేలాయి.

"చాలవే, ఇదీ పొయ్యి," అని జేబక్క తన సీసా అందించింది.

కాలరమ్మ లోతు అడుగులో కాలు పెట్టింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆ తర్వాతి దానిలో పెట్టింది, ఆ తర్వాతి దానిలో పెట్టింది. గోడ దగ్గర కూడా ఆగలేదు. గోడ కట్టకముందు అక్కడున్నది దారే కదా.

సాయంత్రం తాళం తీసి సూపర్‌వైజరు నోరెళ్ళబెట్టాడు. "కాలరమ్మేదీ? నేను తలుపు తియ్యలేదుగా!"

"తియ్యలేదు సార్," అంది జేబక్క. "మేమంతా సాక్ష్యం."

పక్కింటి పిన్ని గడియ పెడుతుంటే కాలరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని ఆపిందట. పిల్లాణ్ణి చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిందట. ఈ కబురు మర్నాడు గేటు దగ్గరే అందరికీ తెలిసిపోయింది.

నేల తుడిస్తే లోతు అడుగుల్లో రబ్బరు చెప్పుల గీతలు కనిపించాయి. సూపర్‌వైజరు బూటుతో రుద్దాడు, పోలేదు. విసుక్కుంటూ బయటికి పోయి, ఎప్పటిలాగే తాళం వేశాడు.

లోపల ఒక్క మిషనూ కదల్లేదు. అందరి కాళ్ళ దగ్గరా నీళ్ళ సీసాలున్నాయి, నిండుగా.