లేని కిటికీ

మూడో అంకానికి పావుగంట ఉందనగా నాయిక పాత్ర పాడే డెసోలీనా మెట్ల మీద జారిపడింది. గొంతుకేమీ కాలేదు. చీలమండ మాత్రం ఉబ్బిపోయి కాలు కింద మోపలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం, ఇటలీలోని పార్మాలో మొదటి ఆట. దర్శకురాలు ఓర్నెల్లాకి యాభై ఎనిమిదేళ్లకి దక్కిన తొలి సొంత ఒపేరా, అంటే పాటల నాటకం. చనిపోయిన మహాదర్శకుడు మాస్ట్రో వస్సేనా ప్రదర్శనల్ని అడుగు పొల్లుపోకుండా తిరిగి నిలబెట్టడమే ముప్పై ఏళ్లుగా ఆమె ఉద్యోగం. ప్రతి కదలికా రాసి ఉన్న ఆయన నోటుపుస్తకం ఆమెకి కంఠతా వచ్చు. థియేటర్ అధికారి మాల్పేలి ముందే తేల్చేశాడు: పై గ్యాలరీ వాళ్లు ఛీకొడితే, ఆమెకి మళ్లీ ఆ పుస్తకమే గతి.

“నువ్వు పక్కన కుర్చీలో కూచుని పాడు. నీ బదులు నేను నడుస్తా,” అంది ఓర్నెల్లా.

డెసోలీనా అంత నొప్పిలోనూ నవ్వింది. “నా గౌను నీకు పడుతుందా? కథలో నాకు పంతొమ్మిదేళ్లు, తెలుసా?”

“అది మొదటి అంకంలో. ఇప్పటికి మొగుడు యుద్ధానికెళ్లి ఐదేళ్లయింది, ముసలిదానివైపోయావ్. ఆ హుక్కులు పెట్టు.”

మాస్ట్రో ప్రదర్శనలో వీధిలో సైనికుల డప్పు వినపడగానే, మొగుడొచ్చాడేమోనని నాయిక ఎడమవైపు కిటికీ దగ్గరికి పరుగెత్తేది. ఆ పరుగు ఊరంతా ఎరిగినదే. ఓర్నెల్లా తన ఆటలో ఆ కిటికీనే లేకుండా చేసింది. ఆమె మలచిన నాయిక ఆశ వదులుకున్న మనిషి, బల్ల ముందునుంచి లేవదు.

తెర లేచింది. పక్కనుంచి డెసోలీనా గొంతు వినిపిస్తోంది. డప్పు మోగింది.

ఓర్నెల్లా కాళ్లు పరుగెత్తాయి.

ఏడడుగులు. ఎదురుగా బోసిగోడ. గడియ తీయబోయిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఎందరో గాయనులకి నేర్పిన పరుగు, సరిగ్గా ఈరోజే ఆమెని మోసం చేసింది.

“కిటికీ అమ్ముకున్నావా తల్లీ?” గ్యాలరీలోంచి మంగలి ఆర్తేమియో అరిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొక్క నవ్వు పడితే ఆట ముగిసినట్టే.

ఆమె చెయ్యి దించలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడేదో ఉండాలే అన్నట్టు మెల్లగా తడిమింది. అది చూసి డెసోలీనా గొంతు తగ్గించింది. ఓర్నెల్లా వెనక్కి తిరిగి, ఏడడుగులూ ఒక్కొక్కటే నడిచి, బల్ల ముందు కూర్చుంది. పైన ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

చివర్లో ఆమె హుక్కులు ఊడిన గౌనుతోనే నమస్కరించడానికి వచ్చింది. ఛీకొట్టడానికే వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. అంత గొప్ప ఘట్టాన్ని రిహార్సల్స్‌లో తన దగ్గర దాచినందుకు మాల్పేలి నిష్ఠూరమాడాడు. అది పొరపాటని చెప్పబోయి, ఆమె మానేసింది.

తర్వాతి మూడు ఆటల్లోనూ ఆమే నడిచింది. మూడుసార్లూ ఆ తప్పే చేసింది, ఈసారి కావాలని.

పదో రోజున డెసోలీనా కర్ర లేకుండా వచ్చి, డప్పు మోగినప్పుడు తనేం చెయ్యాలని అడిగింది. ఓర్నెల్లా తన నోటుపుస్తకం తెరిచింది. ‘లేవదు’ అని ఉంది. ఆ మాట కొట్టేసింది.

“కిటికీ దగ్గరికి పరుగెత్తు.”

“అక్కడ కిటికీ లేదుగా?”

“లేదు,” అంది ఓర్నెల్లా. “కానీ నీ కాళ్లకి ఆ సంగతి తెలీదు.”