బిల్లుకో గుండీ

ఏడాదిలో నూట ఇరవై రోజులు దాటి స్వదేశంలో ఉంటే, పరాయి దేశంలో సంపాదించిన దానికీ స్వదేశంలోనే పన్ను కట్టాలి. ఇదీ కొత్త నిబంధన. విదేశంలో గుండీల కొట్టు నడిపే షావుకారుకి వచ్చిన నోటీసులో నూట ఇరవై ఆరు రోజులని ఉంది. ఆ లెక్కే ఖాయమైతే కొట్టు అమ్మాల్సిందే.

"ఓటు వెయ్యాలంటే మనం అంతదూరం పోవాలి. పన్ను మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది చూశావా బావా!" అన్నాడు పక్కనే ఇస్త్రీ షాపు ఉన్న బావమరిది. "కట్టేసి చేతులు దులుపుకో."

"మీ అత్తగారి సొమ్మేం కాదు, ఊరికే కట్టడానికి. లెక్కప్రకారం పడితే రేపే కడతాను. నేనున్నది నూట పద్దెనిమిది రోజులే."

కాలు విరిగిన తమ్ముడి వ్యాపారం చూడ్డానికి స్వదేశం వెళ్లాడు షావుకారు. తన కొట్టుకి కొన్న గుండీల సరుకు ముందే సిద్ధమవడంతో విమానం టికెట్టు వదులుకుని, లారీలో డ్రైవరు పక్కన కూర్చుని ఎనిమిది రోజులు ముందే వచ్చేశాడు. సరిహద్దులో పాస్‌పోర్టు చూశారు గానీ ముద్ర వెయ్యలేదు. దాంతో పన్నువాళ్లు టికెట్టు మీది తేదీ దాకా లెక్కేశారు. ఒక్క గుండీ అమ్మినా బిల్లు రాసే మనిషి, పెట్టెలు లెక్కపెట్టుకునే ధ్యాసలో ముద్ర అడగడమే మరిచాడు.

ఆయనకో అలవాటుంది. ప్రతి బిల్లుకీ ఆ రకం గుండీ ఒకటి దారంతో కట్టి ఇస్తాడు. తర్వాత గుండీ ఊడితే జత దొరకాలి కదా! "బిల్లుకో గుండీ దానమిచ్చే వ్యాపారం మీదొక్కరిదే," అని భార్య ఎన్నేళ్లుగానో దెప్పుతోంది. ఆ గుండీ కోసమే దర్జీలు బిల్లులు పారెయ్యరు. వాటి వెనకే కొలతలు రాసుకుంటారు, బట్టలు ఇచ్చేటప్పుడు కుట్టించుకున్నవాళ్ల చేత తేదీ వేయించి సంతకమూ తీసుకుంటారు.

మొగుడూ పెళ్లాలు రెండు వీధుల దర్జీలనూ చుట్టి, ఆ ఎనిమిది రోజుల్లో షావుకారు తన చేత్తో రాసిన బిల్లులన్నీ పోగేసి పన్ను ఆఫీసుకి పంపారు.

విచారణ రోజున కంప్యూటర్ తెర మీద అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "మీ బిల్లులేగా! ఇప్పుడు కూర్చుని రాసుకోలేరా?"

"ముందువైపు నేను రాసుకోగలనండీ. వెనకవైపు ఆ రోజుల తేదీలతోనే పదకొండు మంది సంతకాలున్నాయి. వాళ్లందరి చేతా నేనే రాయించానంటారా?"

అధికారి ఒక్కో బిల్లూ తిప్పి చూశాడు. ఆయన వేళ్ల మధ్య గుండీలు గలగలమన్నాయి.

"నూట పద్దెనిమిది," అన్నాడు చివరికి. "నోటీసు రద్దు."

బావమరిది వేసిన ఈల వీధి చివరిదాకా వినిపించింది.

మర్నాడు తొలి బిల్లుకి దారం అందుకున్నది భార్యే. ఒక గుండీ కాదు, రెండు కట్టింది.